కౌంటీ బొక్కసమూ, ఊరిబడీ

1959వ సంవత్సరం జూన్ మాసంలో అమెరికా దేశపు వర్జీనియా రాష్ట్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ పాలకమండలి ఆ సాలు బడ్జెటును ముందుంచుకొని కూర్చున్నది. కౌంటీకి కావలసిన తక్కిన ఖర్చులన్నింటికీ దారి చూపినారు. పాఠశాలల పద్దు వద్దకు వచ్చేసరికి మాత్రం ఒక్క డాలరైనా మంజూరు చేయలేదు. అందుకు కావలసిన పన్నును విధించనూ లేదు. ఆ శరదృతువులో పిల్లలు బడికి పోవలసిన వేళకు కౌంటీలోని ప్రభుత్వ పాఠశాల ఒక్కటియు తెరుచుకోలేదు. అటు తరువాత ఐదు సంవత్సరాల పాటు తెరుచుకోలేదు. బడులను మూయడానికి సైన్యమూ అక్కరలేకపోయినది, శాసనమూ అక్కరలేకపోయినది. లెక్కల పుస్తకంలో ఒక గడిని ఖాళీగా వదలివేస్తే చాలినది.

నేను చదివినది జిల్లా పరిషత్తు హైస్కూలులో. మా తాతగారి నాటికి అదే బడికి బోర్డు హైస్కూలని పేరు. అటు ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో బడులు మూతపడిన ఆ సంవత్సరమే, నవంబరు 1వ తేదీన, మన రాష్ట్రంలో జిల్లా బోర్డుల స్థానే జిల్లా పరిషత్తులు వచ్చి, బోర్డు బడులకు కొత్త పేరు పెట్టినవి. కనుక జిల్లా సంస్థ బడి కట్టించడమనేది మనకు కొత్త సంగతి కాదు. అయితే మన జిల్లాకూ అమెరికా కౌంటీకీ ఒక ముఖ్యమైన భేదమున్నది. మన జిల్లాకు అధికారి పైనుండి వస్తాడు, ధనంలో పెద్ద భాగమూ పైనుండే వస్తుంది. కౌంటీకి పాలకులను అక్కడి ఓటర్లే ఎన్నుకుంటారు. ఇండ్ల మీద, పొలాల మీద పన్ను ఎంత వేయవలెనో, ఆ డబ్బుతో ఏమి కట్టవలెనో ఆ ఎన్నికైనవారే నిర్ణయిస్తారు. అట్టి కౌంటీలు ఆ దేశంలో మూడు వేలకు పైగా ఉన్నవి. లూసియానాలో వాటిని పారిష్‌లని పిలుస్తారు. ఇంగ్లండునుండి వలసవచ్చినవారు తమ పాత ఊళ్ళ పేర్లతో పాటు ఈ ఏర్పాటును కూడా వెంట తెచ్చుకున్నారు.

బడికి భూమి కేటాయించే ఆలోచన అక్కడ చాలా పాతది. 1785లో అమెరికన్ కాంగ్రెసు పడమటి భూములను కొలిపించి అమ్మడానికి ఒక చట్టం చేసినది. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చదరాన్ని ఒక టౌన్‌షిప్ అన్నారు. దానిని 640 ఎకరాల చొప్పున 36 ముక్కలు చేసినారు. అందులో 16వ ముక్కను బడి పోషణకై విడిచిపెట్టినారు. మన దేవాలయాలకు మాన్యాలున్నట్లు అది బడిమాన్యమన్న మాట. మాన్యాలకు పట్టే గతి చాలా చోట్ల దానికీ పట్టినది. కొన్ని రాష్ట్రాలలో చవకగా అమ్ముడుపోయినది, కొన్నిచోట్ల నామమాత్రపు కౌలుకు పోయినది. మిగిలిన ధనాన్ని మూలధనంగా నిలిపి, వడ్డీకి ఇచ్చి, ఆ వడ్డీతో పంతుళ్ళకు జీతాలిచ్చిన కౌంటీలూ ఉన్నవి. ఈ వడ్డీ సంగతి ముందుముందు మరల వస్తుంది. గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాను.

నిత్యపు ఖర్చుకు ఆధారం ఆస్తిపన్ను. మదింపు అధికారి ప్రతి ఇంటికీ పొలానికీ విలువ కడతాడు. ఆ విలువలో వెయ్యి డాలర్లకు ఇన్ని డాలర్లని పాలకమండలి పన్ను నిర్ణయిస్తుంది. జీతాలకూ మరమ్మతులకూ ఇది సరిపోతుంది. కాని కచ్చేరీ భవనమో, వంతెనో, ఉన్నత పాఠశాలయో కట్టవలెనంటే ఒక్క ఏటి పన్ను ఏ మూలకూ రాదు. అప్పుడు కౌంటీ బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. భవనం ముందు లేస్తుంది, అప్పు ఇరవై ముప్పై ఏండ్లు తీరుతుంది. తాత ఓటు వేసిన భవనానికి మనుమడు పన్ను కట్టడం ఇందులో సామాన్యమైన విషయం. అందువల్లనే అప్పు చేసే అధికారం ఎవరి చేతిలో ఉండవలెనన్న ప్రశ్నకు ఆ దేశంలో నెత్తురు కూడా చిందినది.

అంతర్యుద్ధం ముగిసిన తరువాతి కాలంలో మిస్సోరీ రాష్ట్రానికి రైలుపిచ్చి పట్టినది. తమ ఊరికి రైలు వస్తే సిరులు వస్తాయని కౌంటీలు బాండ్లు వ్రాసి రైలు కంపెనీల చేతిలో పోసినవి. పట్టాలు పడని చోట్ల కూడా బాండ్లు చేతులు మారి, తూర్పు నగరాలలోని మదుపరుల పెట్టెలలోకి చేరినవి. కాస్ కౌంటీలో పాలకులు ప్రజలకు తెలియకుండ బాండ్లు వ్రాసి ఇచ్చినారన్న వార్త పొక్కినది. 1872 ఏప్రిల్‌లో గన్ సిటీ వద్ద ముసుగులు ధరించినవారు రైలును ఆపి, ఒక కౌంటీ జడ్జితో సహా ముగ్గురిని కాల్చి చంపినారు. సెయింట్ క్లెయిర్ కౌంటీలో మరొక విధమైన విడ్డూరం నడిచినది. రాని రైలుకు పన్ను విధించరాదని ప్రజల పట్టు. విధించి తీరవలెనని ఫెడరల్ న్యాయస్థానపు ఆజ్ఞ. అక్కడ ఎన్నికైన జడ్జీలు ఆ ఆజ్ఞ తమకు అందకుండ అడవులలో దాగి సమావేశాలు జరిపినారు. పట్టుబడినవారు జైలులో కూర్చున్నారు. ఇక్కడ ఒక మాట చెప్పవలెను. మిస్సోరీలో కౌంటీ జడ్జి అంటే వ్యాజ్యాలు తీర్చేవాడు కాదు, కౌంటీ వ్యవహారాలు నడిపే పాలకుడు. 1875లో ఆ రాష్ట్రం కొత్త రాజ్యాంగం వ్రాసుకున్నప్పుడు ఈ చేదు అనుభవం నోటిలో ఉన్నది. కౌంటీ పెద్ద అప్పు చేయవలెనంటే ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకోవలెనన్న నిబంధన అప్పుడు చేరినది.

ఆ రెండు వంతుల గోడను దాటినవారిలో మన పెద్దలు పేరు విన్న ఒక మనిషి ఉన్నాడు. ఆయన హారీ ట్రూమన్. ప్రపంచం ఆయనను 1945 నుండి ఎరుగును. జాక్సన్ కౌంటీ ప్రజలు అంతకు చాలా ముందే ఎరుగుదురు. గ్రాండ్‌వ్యూ దగ్గర సేద్యం చేసి, యుద్ధానికి పోయివచ్చి, కాన్సాస్ సిటీలో పురుషుల దుస్తుల దుకాణం పెట్టి దివాలా స్థితికి వచ్చిన ఆయన, 1922లో కౌంటీ జడ్జిగా ఎన్నికైనాడు. 1926లో ప్రధాన జడ్జి పదవి లభించినది. ఆయనను నిలబెట్టినది టామ్ పెండర్‌గాస్ట్ అనే నాయకుని ముఠా. ఆ నాయకునికి కాంక్రీటు వ్యాపారం కూడా ఉన్నది. కౌంటీలో రోడ్లు వేస్తే కాంక్రీటు ఎవరిది కొనవలసివచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు.

ట్రూమన్ రోడ్లకై 65 లక్షల డాలర్ల బాండ్లు అడిగినాడు. ప్రజలు దొంగలకు డబ్బివ్వరని ముఠాలోని వారే పెదవి విరిచినారు. ఆయన ఊరూరా తిరిగి, ఏ రోడ్డు ఎక్కడ వేస్తారో ముందే పటం గీసి చూపినాడు. రెండు పక్షాలకు చెందిన ఇద్దరు ఇంజనీర్ల చేత పని చేయిస్తానని, తక్కువ ధరకు ఒప్పుకున్నవానికే కంట్రాక్టు ఇస్తానని మాట ఇచ్చినాడు. 1928 మే నెలలో మూడింట రెండు వంతులు చాలునన్న చోట నాలుగింట మూడు వంతుల ఓట్లు పడినవి. 1931లో రెండవసారి అడిగినప్పుడు, ఆర్థిక మాంద్యం నడుస్తున్న ఆ రోజులలో కూడా, ప్రజలు సరేనన్నారు. ఈసారి కాన్సాస్ సిటీలో కొత్త కచ్చేరీ కట్టడానికి, ఇండిపెండెన్స్ పట్టణంలోని పాత కచ్చేరీని తిరిగి నిర్మించడానికి డబ్బు వచ్చినది. ట్రూమన్ తన కారులో, తన ఖర్చులతో దేశంలోని కచ్చేరీ భవనాలు చూడడానికి బయలుదేరి వేల మైళ్ళు తిరిగినాడు. లూసియానాలో కాడో పారిష్ కచ్చేరీ ఆయనకు నచ్చినది. దాని శిల్పి ఎడ్వర్డ్ నీల్డ్‌ను పిలిపించుకున్నాడు. ఇండిపెండెన్స్ భవనం 1933లోను, కాన్సాస్ సిటీ భవనం 1934లోను ప్రారంభమైనవి.

ఇంతవరకు ఇది పాఠ్యపుస్తకాలకెక్కదగిన కథ. కాని ఆ రోజులలో ట్రూమన్ ఒక హోటలు గదిలో ఒంటరిగా కూర్చుండి తనకోసం వ్రాసుకున్న కాగితాలు తరువాత బయటపడినవి. బాండ్ల సొమ్మును ముఠా బారినుండి కాపాడుకోవడానికి, సాధారణ ఆదాయంలోనుండి సుమారు పది వేల డాలర్లు ఒక దుర్మార్గుడు కాజేస్తూంటే చూచి ఊరుకోవలసి వచ్చినదని ఆయన అందులో ఒప్పుకున్నాడు. పెద్ద దొంగతనాన్ని ఆపడానికి చిన్న దొంగతనాన్ని సాగనిచ్చినాను, నేను చేసినది తప్పా అని తన్ను తానే ప్రశ్నించుకున్నాడు. నా మట్టుకు నాకు ఆయన కట్టించిన భవనాలకంటె ఆ కాగితాలే ఎక్కువ విలువైనవిగా కనిపిస్తవి.

వడ్డీ సంగతి మరల వస్తుందని పైన చెప్పినాను. జాక్సన్ కౌంటీ పాఠశాల నిధిని పొలాల తాకట్టు మీద అప్పుగా ఇచ్చే ఆచారముండినది. 1938లో, ట్రూమన్ సెనేటరుగా ఉన్నప్పుడు, ఆయన తల్లి పొలం తాకట్టుపెట్టి ఆ నిధినుండి 35,000 డాలర్లు తీసుకున్నారు. అప్పు తీరలేదు. అప్పటికి కౌంటీలో అధికారం వేరొక వర్గం చేతికి పోయినది. 1940 ఎన్నికల వేళ కౌంటీ ఆ పొలాన్ని స్వాధీనం చేసుకున్నది. 87 ఏండ్ల ముసలమ్మ ఊరిలోని చిన్న ఇంటికి మారవలసివచ్చినది. అలవాటులేని ఆ ఇంటిలో జారిపడి ఆమె తుంటి ఎముక విరిగినది. బడిపిల్లల సొమ్ము ఎవరికిచ్చినా రాబట్టవలసినదే. అయినను ఆ రాబట్టడానికి ఎంచుకున్న సమయం మాత్రం బడిపిల్లల కోసం కాదని అందరికీ తెలుసు.

జాక్సన్ కౌంటీలో ఓటు ఉన్నవాడు భవనం కావలెనో వద్దో చెప్పగలిగినాడు. దక్షిణాది రాష్ట్రాలలోని నీగ్రో రైతుకు, నాటి వాడుకలో అతనిని అలాగే పిలిచేవారు, ఆ అవకాశమే లేదు. పన్ను అతడూ కట్టినాడు. అలబామాలో రాష్ట్ర ప్రభుత్వం నల్లపిల్లలనూ తెల్లపిల్లలనూ కలిపి తలల లెక్కన కౌంటీలకు విద్యాధనం పంపేది. 1891లో వచ్చిన చట్టం ఆ ధనాన్ని తమకు న్యాయమని తోచిన తీరున పంచుకొమ్మని స్థానిక పెద్దలకు వదలివేసినది. పెద్దలకు తోచిన న్యాయమెట్టిదో ఊహించడం కష్టం కాదు. నల్లపిల్లలను లెక్కలో చూపి తెచ్చిన డబ్బుతో తెల్లపిల్లలకు బడులు లేచినవి. నల్లపిల్లలు చర్చిలలోను, పాడుపడిన గుడిసెలలోను చదువుకున్నారు.

టస్కీగీ విద్యాలయాన్ని స్థాపించిన బుకర్ వాషింగ్టన్ దీనికొక ఉపాయం ఆలోచించినాడు. షికాగోలో సియర్స్ రోబక్ వర్తక సంస్థకు అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ 1912లో, తన యాభయ్యవ పుట్టినరోజున, టస్కీగీకి 25,000 డాలర్లు ఇచ్చినాడు. అందులో మిగిలిన కొంత సొమ్ముతో పల్లెలలో ఆరు చిన్న బడులు కట్టి చూద్దామని వాషింగ్టన్ అడిగినాడు. మొదటిది లీ కౌంటీలోని లోచపోకా గ్రామంలో 1913లో లేచినది. దాని ఖర్చు 942 డాలర్ల 50 సెంట్లు. అందులో రోజెన్‌వాల్డ్ ఇచ్చినది 300. ఊరి నల్లవారు స్థలానికి 150 డాలర్లు పోగుచేసి, 132 డాలర్ల 50 సెంట్లు విలువచేసే శ్రమదానం చేసినారు. ఊరి తెల్లవారు 360 ఇచ్చినారు. ఈ లెక్కలో కౌంటీ పేరు లేదు. ఆ లోపాన్ని సవరించడమే తరువాతి పథకానికి ప్రాణమైనది.

రోజెన్‌వాల్డ్ నిధి పెట్టిన షరతులు ఆలోచించదగినవి. దాత మొత్తం ఖర్చు భరించడు. ఊరివారు కొంత తేవలెను. కౌంటీ కొంత ఇవ్వవలెను. స్థలమూ భవనమూ కౌంటీ విద్యామండలి పేర దస్తావేజు వ్రాయవలెను. ఏటా కనీసం ఐదు నెలలు బడి నడపవలెను. బడి కౌంటీ ఆస్తి అయిన తరువాత దానికి పంతులును పంపము, కప్పు బాగుచేయము అనడానికి కౌంటీకి నోరు రాదని వారి తలంపు. మరొక ప్రక్కనుండి చూస్తే, పన్ను ఒకసారి కట్టినవాడు, తన వాటా తనకు దక్కక, రెండవసారి చందా ఇచ్చి, తాను కొన్న స్థలాన్ని తన్ను మోసగించిన కౌంటీకే వ్రాసి ఇచ్చినాడన్న మాట. ఈ రెండూ సత్యమే.

ఊళ్ళలో చందాలు పోగైన తీరు వింటే మనస్సు కరుగుతుంది. కొన్నిచోట్ల రైతులు పత్తిచేలో కొంత భాగాన్ని బడి పేర విడిచి, ఆ పత్తి అమ్మిన డబ్బు తెచ్చి ఇచ్చినారు. స్త్రీలు కోడికూర వండి విందులు పెట్టి డబ్బు కూర్చినారు. అలబామాలోని బొలీజీ గ్రామంలో, బానిసత్వాన్ని కళ్ళారా చూచిన ఒక వృద్ధుడు, జీడ్డోడుతున్న పాత సంచిని జేబులోనుండి తీసి బల్లమీద కుమ్మరించినాడట. తన జీవితకాలపు కూడిక అంతా కలిపి 38 డాలర్లు.

1932లో పథకం ముగిసేనాటికి 15 రాష్ట్రాలలో, 883 కౌంటీలలో 4,977 బడులు కట్టినారు. పంతుళ్ళ ఇండ్లు 217, పనులు నేర్పే శాలలు 163 వీటికి అదనం. గదులు తక్కువైనను నమూనాలు శ్రద్ధగా గీసినవి. విద్యుద్దీపాలు లేని పల్లెలు గనుక, తూర్పు వెలుగో పడమటి వెలుగో లోనికి వచ్చేటట్లు వరుసగా పెద్ద కిటికీలు పెట్టినారు. మొత్తం ఖర్చు 2,84,08,520 డాలర్లు. అంకెలు వినడం ఎవరికైనా విసుగే గాని, ఈ నాలుగు అంకెలు మాత్రం విడిచిపెట్టరానివి. పన్నుల సొమ్ము 1,81,05,805. నల్లవారి చందాలు 47,25,871. రోజెన్‌వాల్డ్ నిధి 43,64,869. తెల్లవారి విరాళాలు 12,11,975. బడులకు పేరు కోటీశ్వరునిది వచ్చినది. ఆయనకంటె పేదరైతులు ఇచ్చినది ఎక్కువ. అందరికంటె ఎక్కువ ఇచ్చినది ప్రభుత్వ బొక్కసమే, అయితే ఆ బొక్కసాన్ని తెరిపించడానికి ఇతరులు ముందు తమ జేబులు తెరువవలసి వచ్చినది. 2011లో షికాగో ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు ఇరువురు ఈ బడుల ఫలితాన్ని లెక్కగట్టి, ఆ తరంలో దక్షిణాది పల్లెలలోని నల్ల, తెల్ల పిల్లల చదువుల మధ్య అంతరం తగ్గడంలో వీటికి పెద్ద భాగమున్నదని తేల్చినారు. నేడు ఆ భవనాలలో సుమారు ఐదు వందలు మాత్రం నిలిచివున్నవి.

ఇక ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి తిరిగి వత్తము. ఆ కౌంటీ ముఖ్యపట్టణం ఫార్మ్‌విల్‌లో నల్లపిల్లలకు మోటన్ ఉన్నత పాఠశాలను 1939లో 180 మందికి సరిపడేటట్లు కట్టినారు. 1951 నాటికి అందులో 450 మందికి పైగా చేరినారు. భోజనశాల లేదు, వ్యాయామశాల లేదు. చోటు చాలక ఆవరణలో చెక్కలతో పాకలు వేసి తారుకాగితం కప్పినారు. వానకు కారేవి. పెద్దలు పోయి అడిగినప్పుడల్లా కొత్త భవనం ఆలోచనలో ఉన్నదన్న జవాబే వచ్చినది. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ విద్యార్థిని ఒక ఉపాయంతో ప్రధానోపాధ్యాయుని బయటకు పంపించి, పిల్లలందరిని సభచేసి, సమ్మెకు నడిపించినది. సమ్మె రెండు వారాలు సాగినది. వారు మొదట కోరినది మంచి భవనం మాత్రమే. న్యాయవాదులు వచ్చి, భవనం కోసమైతే మేము వాదించము, వేరు బడులనే విధానం మీదనైతే వాదిస్తామన్నారు. మే నెలలో 117 మంది విద్యార్థుల పేర వ్యాజ్యం దాఖలైనది.

వ్యాజ్యం పడగానే, అంతకాలం దొరకని డబ్బు దొరికినది. 8 లక్షల డాలర్లకు పైగా ఖర్చుచేసి 1953లో నల్లపిల్లలకు కొత్త ఉన్నత పాఠశాల తెరచినారు. మంచి భవనమే. కాని వ్యాజ్యం ఆగలేదు. అది మరి నాలుగింటితో కలిసి బ్రౌన్ వ్యాజ్యమై, 1954లో సుప్రీంకోర్టు వేరు బడులు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. దానిని అమలుపరచక తప్పని స్థితి వచ్చినప్పుడు, 1959లో, పాలకమండలి నేను మొదట చెప్పిన పని చేసినది. వర్జీనియాలో విద్యామండలికి పన్ను వేసే అధికారం లేదు. బొక్కసం పాలకమండలిదే. డబ్బు ఇవ్వకపోతే ఎవరు ఏమి చేయగలరు?

తెల్లవారు తమ పిల్లలకు ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. 1961లో ఫెడరల్ న్యాయస్థానం అడ్డుపడేవరకు దానికి రాష్ట్రపు ఫీజు సహాయమూ, కౌంటీ పన్ను రాయితీలూ అందినవి. సుమారు 1,700 మంది నల్లపిల్లలకు బడి లేకపోయినది. కొందరు ఇతర కౌంటీలలోని బంధువుల ఇండ్లకు పోయినారు. కొందరు చర్చి నేలమాళిగలలో అక్షరాలు దిద్దినారు. చాలమంది పొలం పనులలో దిగినారు. 1963లో విరాళాలతో ఉచిత పాఠశాలలు వెలసి ఒక సంవత్సరం నడిచినవి. 1964 మే 25న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. బడులు తెరవడానికి కావలసిన పన్ను విధించవలసినదని పాలకమండలిని ఆజ్ఞాపించే అధికారం జిల్లా న్యాయస్థానానికి ఉన్నదని అందులో చెప్పినారు. కౌంటీ పన్నును ఎట్లు కట్టించవలెనని మిస్సోరీ అడవులలో జడ్జీలను వెదకి పట్టుకున్న ఫెడరల్ న్యాయస్థానాలు, నాడు బాండ్లు కొన్న మదుపరుల కోసం చేసిన పనిని, దాదాపు తొంభై ఏండ్ల తరువాత బడిపిల్లల కోసం చేసినవి. ఆ శరదృతువులో బడులు తెరచినారు.

పాత మోటన్ పాఠశాల భవనం నేడు ప్రదర్శనశాలగా ఉన్నది. 2004లో వర్జీనియా శాసనసభ, ఆ ఐదేండ్లలో చదువు పోగొట్టుకున్నవారు తిరిగి చదువుకోవడానికి ఒక ఉపకార వేతన నిధి ఏర్పాటుచేసినది. 1959లో ఒకటవ తరగతిలో చేరవలసిన ఆరేండ్ల పిల్లవానికి ఆనాటికి యాభై ఒక్క ఏండ్లు.